చెక్క గడతో కెనూ నడపడం: గడ ఎంపిక, వాడకం, సంరక్షణపై తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలోనూ, దాన్ని ఆనుకుని కెనడాలో ఉన్న న్యూ బ్రన్స్‌విక్‌లోనూ లోతు తక్కువగా, రాళ్లు ఎక్కువగా ఉండే నదులు చాలా ఉన్నాయి. కెనూలో (రెండు కొసలూ సన్నగా ఉండే తేలికపాటి పడవలో) నిలబడి, గడతో నది అడుగుని తోస్తూ ఆ నదుల్లో ఎదురెక్కడం అక్కడ పాత విద్య. వేటగాళ్లకు దారి చూపే గైడ్లు, దుంగలను నది మీద దిగువకు తేల్చుకెళ్లే కూలీలు దీన్ని నిత్యం వాడారు. మెయిన్‌లో కెనెబెక్ నది మీద చివరిసారి దుంగలు దిగింది 1976లో. గడ మాత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది. ఈ పేజీలోని జవాబులు ముఖ్యంగా ఆ రకం నదులకూ, 16 నుంచి 20 అడుగుల కెనూలకూ వర్తిస్తాయి.

తెడ్డు ఉండగా గడ ఎందుకు?

మోకాలి లోతు నీళ్లలో తెడ్డుకి సరిపడా నీరు దొరకదు, రాళ్లకు కొట్టుకుంటుంది. నీళ్లు జోరుగా వస్తుంటే తెడ్డు వేసి తీసేలోపే పడవ వెనక్కి జారిపోతుంది. గడ నీటిని కాదు, నేలని తోస్తుంది. అందుకే ప్రతి తోపుకీ పడవ ఎంతోకొంత ముందుకు కదులుతుంది. దిగువకు వెళ్లేటప్పుడు కూడా గడ ఆనించి పడవని ప్రవాహం మధ్యలోనే నిలబెట్టి, ముందున్న రాళ్లను తీరిగ్గా చూసి దారి ఎంచుకోవచ్చు. ఒక అడుగు నుంచి మూడడుగుల లోతు గడకి అనువైనది. అయిదడుగులు దాటితే తెడ్డు పట్టుకోవడమే మేలు.

గడ ఎంత పొడవు, ఎంత లావు ఉండాలి?

మొదటి గడకి 12 అడుగుల పొడవు, అంగుళంపావు లావు (సుమారు 32 మి.మీ.) తీసుకోండి. చేతులు చిన్నవైతే అంగుళం మీద ఎనిమిదో వంతు, అంటే సుమారు 28 మి.మీ. చాలు. గడ చుట్టూ వేళ్లు మూసినప్పుడు బొటనవేలు చూపుడువేలి కొనని తాకాలి. అలా అందకపోతే గంటసేపటికి ముంజేయి పట్టేస్తుంది. 10 అడుగుల గడ తిప్పడానికి తేలికే గానీ, లోతు కొంచెం పెరిగితే చేతిలో మిగిలే పొడవు చాలదు. 14 అడుగుల గడ లోతైన నదులకు పనికొస్తుంది గానీ, ఒడ్డున కొమ్మలు వంగి ఉన్నచోట మహా ఇబ్బంది.

ఏ చెక్క మంచిది?

రెండే పేర్లు గట్టిగా చెప్పగలం: స్ప్రూస్, యాష్. స్ప్రూస్ తేలిక. పైన చెప్పిన కొలతల గడ సుమారు కిలోంబావు తూగుతుంది. యాష్ గడ అదే కొలతలకి దాదాపు రెండు కిలోలు. యాష్ దెబ్బలకు బాగా ఓరుస్తుంది, వంగి మళ్లీ నిటారవుతుంది. కానీ గడని పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఎత్తి దించాలి. ఆ ముప్పావు కిలో తేడా మధ్యాహ్నానికి భుజాల్లో తెలుస్తుంది. కొత్తవాళ్లకి స్ప్రూసే మా సలహా. అది దొరక్కపోతే డగ్లస్ ఫర్ ఫరవాలేదు, కాకపోతే దాని పేళ్లు పొడవుగా లేచి చేతిలో దిగుతాయి. నునుపు చేయడంలో అశ్రద్ధ కూడదు. పైన్, పాప్లర్ వద్దు.

కలప అడితిలో మంచి ముక్కని ఎలా గుర్తుపట్టాలి?

గడ విరిగిందంటే నూటికి తొంభై పాళ్లు లావు తక్కువై కాదు, చెక్క పోగు (నార నడిచే తీరు, ఇంగ్లీషులో గ్రెయిన్) అడ్డంగా పోయి. అందుకని లావు, రంగు, ధర అన్నీ తర్వాత. ముందు పోగు చూడాలి.

ముక్కని వెలుతురులో పట్టుకుని పక్క ముఖం మీది గీతల్లో ఒకదాన్ని వేలితో వెంబడించండి. అది కొస నుంచి కొసకు ముక్క అంచుకి సమాంతరంగా నడవాలి. ఒక అడుగు దూరంలో అర అంగుళం కన్నా ఎక్కువ పక్కకి జరిగి అంచులో కలిసిపోతుంటే ఆ ముక్క వదిలేయండి. ఆ గీత అంచుని చేరిన చోటే గడ ఏటవాలుగా చీలుతుంది. అలా చీలినప్పుడు మిగిలే కొన బల్లెంలా ఉంటుంది, దాని మీదికే మీరు ఒరుగుతూ ఉంటారు. ఒక ముఖమే చూసి సరిపెట్టుకోకండి. దాని పక్క ముఖం కూడా చూడాలి, ఎందుకంటే ఒకవైపు తిన్నగా కనిపించే పోగు రెండోవైపు పక్కకి పోయి ఉండొచ్చు.

తర్వాత ముడులు. పెన్ను మొన అంత ముడి, గట్టిగా అతుక్కుని ఉంటే, పై మూడడుగుల్లో ఉన్నా నష్టం లేదు. మధ్య ఆరడుగుల్లో బఠాణీ గింజంత ముడి ఉన్నా తీసుకోవద్దు. వంపు భారమంతా అక్కడే పడుతుంది. ఇక కొసని చూస్తే ఏడాది వలయాలు కనిపిస్తాయి. స్ప్రూస్‌లో అవి దగ్గరదగ్గరగా ఉంటే చెట్టు నెమ్మదిగా పెరిగిందని అర్థం, అది గట్టి చెక్క. యాష్‌లో దీనికి తిరకాసు: వలయాలు మరీ దగ్గరగా ఉన్న యాష్ పెళుసు.

బట్టల అలమరాల్లో వేసే గుండ్రటి కర్రలూ, మెట్ల పక్క చేతిపట్టీ కర్రలూ గడలా కనిపించి ఊరిస్తాయి. వాటిలో పోగు ఎటు పోయినా పట్టించుకోకుండా యంత్రం గుండ్రంగా చెక్కేస్తుంది. పది కర్రలు తిరగేస్తే ఒకటి దొరకొచ్చు. ముక్కలు అతికించి చేసినవైతే అసలు ముట్టుకోవద్దు.

చెట్టు కొట్టి నేరుగా గడ చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు, పాత గైడ్లు చేసింది అదే. స్థలం యజమాని అనుమతి తీసుకోండి. దట్టమైన నీడలో సన్నగా, నిటారుగా పెరిగిన స్ప్రూస్ కావాలి. వసంతం చివర కొడితే బెరడు చేత్తో లాగితే వచ్చేస్తుంది. కొమ్మల మొదళ్లు చదును చేసి, రెండు కొసలకీ రంగో మైనమో పూసి, నీడలో నాలుగైదు నెలలు ఆరనివ్వండి. కొసలు పూయకపోతే తేమ అక్కడి నుంచే వేగంగా పోయి నిలువునా పగుళ్లు వస్తాయి. లావు కొస అడుగుకి, సన్న కొస పైకి. ఇలా చేసిన గడలో పోగు తెగకుండా చెట్టు పెరిగిన తీరునే ఉంటుంది కాబట్టి మిల్లు చెక్క కన్నా ఎక్కువ బలం.

చదరపు చెక్కని గుండ్రంగా ఎలా చేయాలి?

ముందు నాలుగు మూలలు ఎనిమిది కావాలి, ఆ తర్వాత పదహారు, అప్పుడు గుండ్రం. 32 మి.మీ. చదరపు ముక్కకి ప్రతి ముఖం మీదా రెండు అంచుల నుంచీ తొమ్మిదిన్నర మి.మీ. దూరంలో పెన్సిల్ గీతలు గీయండి. ఏ మూలనైనా రెండు పక్కల గీతల మధ్య ఉన్న చెక్కని చిత్రికతో తీసేస్తే ఎనిమిది సమాన ముఖాలు వస్తాయి. చిత్రిక పట్టేటప్పుడు పేళ్లు లేస్తుంటే పోగుకి ఎదురు పోతున్నారన్నమాట, ముక్కని అటుదిటు తిప్పండి. పదహారు ముఖాలయ్యాక చిత్రిక పక్కన పెట్టి 80 నంబరు ఉప్పు కాగితాన్ని పట్టీలా చింపి, గడ చుట్టూ వేసి లాగండి. తర్వాత 120, చివర 220. అంతకన్నా నునుపు అక్కర్లేదు, చేయి జారుతుంది.

పైనుంచి మూడడుగుల మేర కొద్దిగా సన్నం చేస్తే గడ తిప్పడం సులువవుతుంది. అడుగు కొసని మాత్రం సన్నం చేయొద్దు.

అడుగున పొన్ను (కొసకి తొడిగే లోహపు తొడుగు) తప్పనిసరా?

రాతి నేల మీద తప్పనిసరి. పొన్ను లేని కొస ఒక్క రోజులో చీపురులా విచ్చుకుంటుంది. పోగుల కొసలు తెరుచుకుని నీళ్లు పీలుస్తాయి, అక్కడి నుంచి కుళ్లు మొదలవుతుంది. పైగా ఉత్త చెక్క తడిరాయి మీద జారుతుంది. లోహపు మొన రాతిని పట్టుకుంటుంది.

కమ్మరి చేసిన ఇనుప పొన్ను, మధ్యలో ములుకుతో, అన్నిటికన్నా మన్నికైనది. అది దొరకనివాళ్లు ఇలా చేసుకోవచ్చు. గడ కొసని ఒకటింబావు అంగుళం పొడవున సరిగ్గా 28.5 మి.మీ. లావుకి చెక్కండి. ఒక అంగుళం రాగి పైపుకి పెట్టే మూత దానికి బిగుతుగా సరిపోతుంది. మూత మధ్యలో 3/8 అంగుళం రంధ్రం వేయండి. గడ కొస మధ్యలో పావు అంగుళం లావు, మూడంగుళాల లోతు రంధ్రం వేయండి. కొసకీ, రంధ్రం లోపలికీ ఇపాక్సీ జిగురు పట్టించి, మూత తొడిగి, 3/8 అంగుళం లావు, మూడంగుళాల పొడవు స్టీలు లాగ్ స్క్రూని రెంచితో బిగించండి. దాని ఆరు పలకల తలే నేలకి తగిలే మొన. జిగురు ఒక రోజంతా గట్టిపడనివ్వాలి.

మూతకి పైన రెండంగుళాల మేర నైలాన్ దారం వరసగా, సందు లేకుండా చుట్టి దాని మీద కూడా ఇపాక్సీ పూయండి. ఇది చాలామంది వదిలేసే పని. లాగ్ స్క్రూ పోగు వెంబడి దిగుతుంది కాబట్టి చెక్కని చీల్చాలని చూస్తుంది. ఆ చీలిక పైకి పాకకుండా ఆపేది ఈ చుట్టే.

బురద నేల అయితే?

మొన కూరుకుపోతుంది. అలాంటి చోట నీళ్లలో తెరుచుకుని, లాగేటప్పుడు ముడుచుకునే బాతుముక్కు పొన్ను వాడతారు. అది లేకపోతే గడని దిగేయకుండా చిన్నచిన్న తోపులు వేయండి. తీసేటప్పుడు పావు చుట్టు తిప్పి లాగితే బురద పట్టు వదులుతుంది.

కొల్లేరు దోనెల్లో వాడే వెదురు గడ ఇక్కడ పనికొస్తుందా?

కొల్లేరులో తాటి దోనెకి వెదురు గడ సరిగ్గా సరిపోయింది: నీళ్లు లోతు తక్కువ, వడి తక్కువ, అడుగున మెత్తటి ఒండ్రు. వెదురు తేలిక, లోపల డొల్ల కాబట్టి చక్కగా తేలుతుంది. రాళ్ల నదిలో సంగతి వేరు. వెదురు పైపొర గట్టిదే గానీ, రాతి అంచు తగిలితే కణుపు నుంచి కణుపు దాకా నిలువునా చీలుతుంది. చీలిన అంచు కత్తిలా చేయి కోస్తుంది. వెదురే వాడాలనుకుంటే గోడ మందంగా ఉన్న మొదలు భాగం తీసుకుని, అడుగు రెండు కణుపుల లోపల చెక్క మేకు దిగేసి, పైన దారం చుట్టండి. నెమ్మదైన నీళ్లకి అది చాలు.

అల్యూమినియం గడ ఉండగా చెక్క ఎందుకు?

పోటీలకి వెళ్లేవాళ్లు అల్యూమినియమే వాడతారు, అది అంత తేలిగ్గా విరగదు, రెండు కొసలూ ఒకేలా ఉంటాయి. కానీ చల్లటి నీళ్లలో చేతులు కొంకర్లు పోతాయి, రాయి తగిలిన ప్రతిసారీ మోగుతుంది, చేతులకి నల్లగా అంటుతుంది. చెక్క చేతికి వెచ్చగా ఉంటుంది, కింద ఉన్నది గులకా, బండా, ఇసుకా అన్నది అరచేతికి చెబుతుంది. చేపలు పట్టేవాళ్లకి చప్పుడు లేకపోవడం పెద్ద లాభం.

కెనూలో ఎక్కడ, ఎలా నిలబడాలి?

ఒక్కరే ఉంటే నడిమి అడ్డపట్టెకి కాస్త వెనకగా. పాదాలు భుజాల వెడల్పున, పడవ నడిగీతకి అటొకటి ఇటొకటి. మోకాళ్లు బిగించకండి. నడుము పైభాగం కదలకుండా, పడవ ఊపంతా మోకాళ్లలోనే ఇంకిపోవాలి. చూపు పడవ ముక్కు మీద కాదు, ఇరవై ముప్ఫై అడుగుల ముందు నీటి మీద ఉండాలి. మెత్తటి పలచ అడుగు ఉన్న బూట్లు వేసుకోండి, పడవ ఒరుగు పాదానికి తెలియాలి. లైఫ్ జాకెట్ ఎప్పుడూ, రాళ్ల మీద జోరుగా పారే చోట హెల్మెట్ కూడా.

బరువు గురించి ఒక్క సూత్రం: ప్రవాహానికి ఎదురుగా ఉన్న కొస తేలికగా ఉండాలి. ఎగువకు వెళ్తుంటే సామాను వెనక్కి, దిగువకు గడతో ఆపుకుంటూ వెళ్తుంటే ముందుకి జరపాలి.

ఎదురెక్కేటప్పుడు ఒక తోపు సరిగ్గా ఎలా ఉండాలి?

గడని పడవ అంచుకి దగ్గరగా, మీ తుంటికి కొంచెం వెనకగా దించండి. విసిరి పొడవద్దు, దాని బరువుతో అదే జారి నేలని తాకాలి. మొన పట్టు దొరికిందని తెలిసేదాకా బరువు వేయకండి. పట్టు దొరకని రాయి మీద ఒరిగితే గడ జారుతుంది, గడతోపాటు మీరూ. పట్టు దొరికాక ఒక చేతి మీద ఒక చేయి వేస్తూ, తాడు ఎక్కినట్టు గడ పైకి పాకండి. మూడు నాలుగు పట్లలో పైకొస వస్తుంది. అక్కడ రెండు చేతులతో చివరి నెట్టు. చేతులతో కన్నా ఒంటి బరువుతో తోయాలి, అప్పుడే రోజంతా చేయగలరు.

నెట్టు అయిన వెంటనే గడ లాగేయకండి. ఒక క్షణం వెనక్కి ఈడ్వనిస్తే అది చుక్కానిలా పనిచేసి పడవ ముక్కుని సరిచేస్తుంది. ఆ తర్వాత చప్పున ముందుకి తెచ్చి మళ్లీ దించాలి. తోపుకీ తోపుకీ మధ్య ఆలస్యమైతే గెలిచిన దూరంలో సగం ప్రవాహం లాగేసుకుంటుంది.

పడవ ముక్కు పక్కకి తిరిగిపోతోంది. ఎందుకు?

సాధారణంగా గడ పడవకి దూరంగా దించడం వల్ల. కుడివైపు దూరంగా దించి తోస్తే ముక్కు ఎడమకి పోతుంది. అంచుని రాసుకుంటూ దించితే తిన్నగా పోతుంది. రెండో కారణం ముందు బరువు ఎక్కువై ముక్కు నీళ్లలో దిగడం. ముక్కు ఒక హద్దు దాటి తిరిగిందంటే ప్రవాహం పడవ పక్కని పట్టేస్తుంది. ఆ పరిస్థితిలో పెనుగులాడితే పడవ తలకిందులవుతుంది. తిరగనివ్వండి, దిగువకు ఒరిగి ఏదో రాయి చాటున నీళ్లు నిలిచిన చోట ఆగి మళ్లీ మొదలుపెట్టండి. అసలు ఎదురెక్కడమంటే ఒక రాయి చాటు నుంచి ఇంకో రాయి చాటుకి వెళ్లడమే.

దిగువకు ఆపుకుంటూ వెళ్లడం ఎలా?

నడిమికి ముందుగా నిలబడి, గడని మీకన్నా ముందు, పడవ పక్కన దించి, చిన్న చిన్న పోట్లతో వేగం తగ్గించండి. గడ ఎప్పుడూ పక్కనే దిగాలి, ముక్కుకి ఎదురుగా కాదు. ఎదురుగా దిగి ఇరుక్కుంటే పడవ దాని మీదికెక్కుతుంది.

గడ రాళ్ల మధ్య ఇరుక్కుంటే?

వదిలేయండి. వెంటనే. పడవ జరిగిపోతుంటే గడని పట్టుకుని వేలాడేవాళ్లు నీళ్లలో పడతారు. చెక్క గడ ఊడితే తేలుతుంది, తర్వాత తెచ్చుకోవచ్చు. ఇందుకే తెడ్డు చేతికందే దూరంలో ఉండాలి, సామాను కింద కట్టి కాదు. గడని తాడుతో పడవకి గానీ చేతికి గానీ కట్టుకోవడం ప్రమాదం.

పడిపోతే మోకాలి లోతుకి మించిన జోరు నీళ్లలో నిలబడాలని చూడొద్దు. పాదం రాళ్లలో ఇరుక్కుంటే ప్రవాహం మనిషిని ముంచేస్తుంది. వెల్లకిలా తేలి, కాళ్లు దిగువకు చాపి, నెమ్మది నీళ్లు వచ్చేదాకా ఆగాలి.

గడకి వార్నిష్ మంచిదా, నూనె మంచిదా?

నూనె. వార్నిష్ పొర తడిసినప్పుడు చేయి జారుతుంది, ఆరినప్పుడు పట్టేసి బొబ్బలు తెస్తుంది. రాతి గీతలకు అది పగిలిన చోట నీళ్లు లోపలికి చేరి బయటికి రాలేక చెక్కని నల్లబరుస్తాయి. నూనె చెక్కలోకి ఇంకుతుంది, అరిగిన చోట మళ్లీ రాస్తే సరి.

ఏ నూనె? ఎలా పట్టించాలి?

బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్ పేరుతో దొరికే అవిసె నూనె. పచ్చి అవిసె నూనె వారాలు గడిచినా జిడ్డుగానే ఉంటుంది. మొదటి పూతకి నూనె, టర్పెంటైన్ సమపాళ్లలో కలిపి రాయండి, లోపలికి బాగా ఇంకుతుంది. తర్వాతి పూతలకి నూనె ఒక్కటే. ప్రతిసారీ పావుగంట ఆగి, ఇంకని నూనెని శుభ్రంగా తుడిచేయాలి. తుడవకపోతే పైన బంకపొర కట్టి దుమ్ము పట్టేస్తుంది. పూతకీ పూతకీ మధ్య రెండు రోజులు. కొసలకు రెట్టింపు పూతలు వేయండి. కొత్త గడకి మూడు నాలుగు పూతలు, తర్వాత ఏడాదికి ఒకటి రెండుసార్లు, చెక్క తెల్లబారినట్టు కనిపించినప్పుడల్లా.

నూనె తుడిచిన గుడ్డల విషయంలో చాలా జాగ్రత్త. ఈ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. ఉండచుట్టి మూల పడేసిన గుడ్డ దానంతటదే అంటుకుంటుంది, ఇళ్లు తగలబడ్డాయి. గుడ్డల్ని ఆరుబయట ఒక్కొక్కటీ విప్పి ఆరేయండి, లేదా నీళ్లు పోసిన రేకు డబ్బాలో మూతపెట్టి ఉంచండి.

ఇంట్లో ఉన్న కొబ్బరి నూనో, నువ్వుల నూనో రాస్తే?

వద్దు. కొబ్బరి నూనె అసలు ఆరదు, నువ్వుల నూనె సరిగ్గా ఆరదు. జిడ్డు మిగిలి చేయి జారుతుంది, కొన్నాళ్లకి మక్కు వాసన వేస్తుంది.

ప్రతిసారీ వాడాక ఏం చూడాలి?

మంచినీళ్లతో కడిగి, నాచూ మట్టీ వదిలించి ఆరబెట్టండి. ఒక నదిలో జీవులు ఇంకో నదికి పాకకుండా ఉండటానికి కూడా ఇది అవసరం. తర్వాత పలచటి నూలుగుడ్డని గడ చుట్టూ వదులుగా పట్టి కొస నుంచి కొసకు లాగండి. కంటికి కనిపించని పేడు గుడ్డకి తగులుకుంటుంది. అక్కడ 120 కాగితంతో రుద్ది, ఒక చుక్క నూనె అద్దండి. పొన్ను పట్టుకుని తిప్పి చూడండి, రవ్వంత కదిలినా అదే రోజు బిగించాలి. వదులైన పొన్ను లోపల నీళ్లు నిలిచి చెక్క కుళ్లుతుంది, పైకేమీ తెలియదు.

పగులు కనిపించింది. గడ పారేయాలా?

పగులు ఎటు నడుస్తోందో చూడండి. పోగు వెంబడి, గోరు పట్టేంత మాత్రమే లోతున్న నిలువు పగులు ఆరిన చెక్కకి సహజం, నూనె రాసి వాడుకోవచ్చు. ఏటవాలుగా వెళ్లి అంచుని చేరే పగులైతే పనికిరాదు. అన్నిటికన్నా మోసం చేసేది గడకి అడ్డంగా, వెంట్రుకంత సన్నగా కనిపించే ముడత గీత. గడ మరీ వంగినప్పుడు లోపలివైపు పోగులు నలిగితే వచ్చేది అదే. దాని మీద ఎన్ని పూతలు వేసినా బలం రాదు, ఆ గడ ఇక బట్టలు ఆరేసుకోవడానికే.

అనుమానంగా ఉంటే గడ కొసల్ని రెండు ఇటుకల మీద పెట్టి నడిమిన అరచేత్తో మెల్లగా నొక్కండి. టిక్కుమన్న శబ్దం వినబడితే నీళ్లలోకి తీసుకెళ్లొద్దు.

విరిగిన గడని అతకొచ్చా?

రెండు ముక్కల్నీ ఏటవాలుగా, లావుకి పదింతల పొడవున, అంటే 32 మి.మీ. గడకి 32 సెం.మీ. మేర చెక్కి, ఇపాక్సీతో అతికించి, పైన దారం చుట్టొచ్చు. అతుకు పై మూడడుగుల్లో పడితే మళ్లీ వాడండి. నడిమిన పడితే దాన్ని అదనపు గడగా మాత్రమే ఉంచుకోండి.

గడని ఎలా భద్రపరచాలి? వంగిపోతే?

గోడకి ఆనించి నిలబెట్టడమే వంపుకి మొదటి కారణం. పడుకోబెట్టి కనీసం మూడు ఆధారాల మీద ఉంచండి, లేదా సన్న కొసకి తాడు కట్టి నిలువుగా వేలాడదీయండి. హీటరు పక్కన, ఎండ పడే రేకుల కింద వద్దు. కొద్దిపాటి వంపు ఉంటే, ఉబ్బినవైపు పైకి పెట్టి, రెండు ఆధారాల మధ్య రెండు మూడు కిలోల బరువు వేలాడదీసి కొన్ని వారాలు వదిలేస్తే చాలావరకు సర్దుకుంటుంది. కొంచెం వంపు మిగిలినా నష్టం లేదు, గడ చేతిలో ఎటు తిరగాలనుకుంటుందో త్వరలోనే అలవాటవుతుంది.

కారు మీద తీసుకెళ్లడం?

మూడు చోట్ల కట్టండి, పొన్ను వెనక్కి పెట్టండి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో వెనక నాలుగు అడుగులకు మించి పొడుచుకొస్తే ఎర్రగుడ్డ కట్టాలి. అంతకన్నా తక్కువైనా కట్టండి: పార్కింగ్‌లో ఆ మొన సరిగ్గా మనిషి కంటి ఎత్తులో ఉంటుంది.